పొగ చూడగానే ఇంజిన్ విప్పకండి: పాత లారీల గురించి అపోహలు - వాస్తవాలు

వనస్థలిపురం ఆటోనగర్‌లో 23 ఏళ్లుగా డీజిల్ ఇంజిన్ల పని చేస్తున్నాను. మా షెడ్డుకు వచ్చే పాత టాటా 407 లారీలలో చాలావాటికి యజమానే డ్రైవరు. బండి ఆగితే ఆ ఇంటి రాబడి ఆగుతుంది. అలాంటివారు ఇంజిన్ విప్పించే ముందు ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్షలను ఇక్కడ రాస్తున్నాను. ఇవన్నీ మెకానికల్ డీజిల్ పంపు ఉన్న పాత ఇంజిన్లకే. కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే కొత్త పద్ధతి) బండ్ల డీజిల్ పైపుల్లో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. ఆ పైపుల నట్లను ఇంట్లో ముట్టుకోవద్దు.

అపోహ: పొగ ఎక్కువైతే ఇంజిన్ బోరుకు (అరిగిన సిలిండర్లను విప్పి బాగుచేయించే పెద్ద పనికి) వచ్చినట్టే.

వాస్తవం: ముందు పొగ రంగు చూడండి. నల్ల పొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని, లేదా సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ సరిగా పనిచేయడం లేదని అర్థం. నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ చలి ఉదయం కాసేపు వచ్చి పోతే భయం లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ పై భాగానికీ సిలిండర్లకూ మధ్య ఉండే సీలును) అనుమానించాలి.

బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు తోలే ఒకాయన నల్ల పొగతో వచ్చారు. అప్పటికే ఒకచోట బోరు చేయించాలని చెప్పారట, ఆయన అప్పు కోసం తిరుగుతున్నారు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే దుమ్ము అట్టకట్టి ఉంది. ఫిల్టర్ మార్చి, నాజిళ్లు టెస్టింగ్ చేయిస్తే పొగ పోయింది. ఆయన ముఖం చూశాక ఈ విషయం అందరికీ చెప్పాలనిపించింది.

నిజంగా బోరు అవసరమా, అంటే పిస్టన్ రింగులు అరిగాయా అన్నది తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఇంజిన్ వేడెక్కాక, ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూతను విప్పి, అక్కడే బోర్లా ఆనించి ఉంచండి. కాస్త కదిలితే ఫర్వాలేదు. లోపలి గాలి దాన్ని ఎగదన్ని పడేస్తుంటే, పొగ కూడా గుప్పుగుప్పున వస్తుంటే, అప్పుడు బోరు మాట ఆలోచించాలి. ఏ సిలిండర్ బలహీనంగా ఉందో తెలియాలంటే ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే నాజిల్ పైపు నట్లను ఒక్కొక్కటిగా అర చుట్టు వదులు చేసి బిగించండి. ఇంజిన్ శబ్దం మారితే ఆ సిలిండర్ పనిచేస్తోంది, మారకపోతే లోపం అక్కడే. నట్టు మీద గుడ్డ కప్పండి, కళ్లద్దాలు పెట్టుకోండి. చిమ్మే డీజిల్‌కు చేయి అడ్డం పెట్టవద్దు, చర్మం లోపలికి దూసుకుపోతుంది.

అపోహ: సెల్ఫ్ తిరుగుతున్నా స్టార్ట్ కాకపోతే డీజిల్ పంపు పోయినట్టే.

వాస్తవం: నేను చూసినవాటిలో ఎక్కువ బండ్లకు లైన్లో గాలి పట్టి ఉంటుంది. రాత్రి ఆపిన బండి పొద్దున మొండికేసి, ఒకసారి స్టార్ట్ అయ్యాక రోజంతా బాగా నడిస్తే ఇదే ముందు చూడాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ను లాగే చిన్న పంపు) దాకా డీజిల్‌ను పీల్చుకునే భాగంలో చీలిక ఉంటే, ఇంజిన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే కంటికి దొరకదు. ఫిల్టర్ దగ్గర కొద్దిసేపు పారదర్శక గొట్టం తగిలిస్తే బుడగలు కనిపిస్తాయి. పాత రబ్బరు గొట్టాలు, బోల్టుల కింది రాగి వాషర్లు మార్చండి. రాణిగంజ్‌లో ఇవి తక్కువ ఖర్చుకే దొరుకుతాయి. తర్వాత డీజిల్ ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి బిగించాలి.

సెల్ఫ్ నీరసంగా తిరిగితే మాత్రం బ్యాటరీ, ఎర్త్ తీగ చూడండి. 12 వోల్టుల బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోకూడదు.

అపోహ: హైదరాబాద్ ఎండలకు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీటిని రేడియేటర్‌కు వదిలే కవాటం) తీసేస్తేనే మంచిది.

వాస్తవం: ఈ అలవాటు నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే బండిని కాపాడుతున్నామనే నమ్మకంతోనే దీన్ని చేస్తారు. థర్మోస్టాట్ సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అది లేకపోతే ఇంజిన్ చల్లగా నడుస్తుంది, డీజిల్ పూర్తిగా కాలదు, మిగిలింది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. రింగులు త్వరగా అరుగుతాయి. పైగా చాలా ఇంజిన్లలో బైపాస్ దారిని మూసేది కూడా థర్మోస్టాటే. దాన్ని తీసేస్తే కొంత నీరు రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజిన్లోకి తిరిగి వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, లోడుతో, వేడి తగ్గకపోగా పెరుగుతుంది. అనుమానం ఉంటే దాన్ని తీసి వేడి నీళ్లలో వేలాడదీసి చూడండి. మరిగే లోపు తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

వేడెక్కడానికి ఇంకో కారణం రేడియేటర్‌లో పోసే బోరుబావి నీళ్లు. అందులోని ఉప్పులు రేడియేటర్ గొట్టాల్లో పొరలుగా పేరుకుంటాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న మన నగరంలో నీరు 98 డిగ్రీలకే మరుగుతుంది. 0.9 బార్ పట్టే మంచి మూత ఉంటే 115 దాటేదాకా మరగదు. అందుకే వేడి మీద ఆ మూత విప్పితే నీరంతా ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. ఇంజిన్ చల్లారేదాకా ఆగండి.

అపోహ: ఆయిల్ నల్లబడితే పాడైనట్టే.

వాస్తవం: డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ కూడా మసితో త్వరగా నల్లబడుతుంది. చూడవలసింది అది పాల టీ రంగుకు తిరిగిందా, పోయకుండానే మట్టం పెరిగిందా అన్నది. మొదటిదానికి నీరు, రెండోదానికి నీరో డీజిలో కారణం. రెంటిలో ఏది కనిపించినా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు. అలాగే ఆయిల్ ప్రెషర్ తగ్గి, కింది నుంచి టక్ టక్ మని బరువైన శబ్దం వస్తే వెంటనే ఇంజిన్ ఆపేయండి. షెడ్డు పక్క వీధిలోనే ఉన్నా నడుపుకుంటూ రాకండి, మరో బండికి కట్టి లాగించుకు రండి.