ఆర్కేడ్ స్టిక్ కొనబోయే పిల్లలకు

అమలాపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

ఫైటింగ్ గేముల కోసం ఆర్కేడ్ స్టిక్, అంటే పెట్టె మీద కర్ర, బటన్లు ఉండే ఆట పరికరం, కొనాలనుకుంటున్నామనీ, రకరకాలు కనిపిస్తున్నాయి కనుక దేన్ని తీసుకోవాలో చెప్పమనీ మీరు అడిగారు. ఎలక్ట్రానిక్ వస్తువుల మరమ్మతు నా వృత్తి కావడం వల్ల ఈ స్టిక్కులను విప్పి చూసే అవకాశం నాకు కలిగింది. విప్పి చూసిన ప్రతిసారీ ఒకే అభిప్రాయం బలపడింది. పెట్టె మామూలు స్క్రూడ్రైవరుతో తెరుచుకోవాలి, లోపలి లీవరూ (దిక్కులకు వంచే కర్ర) బటన్లూ అందరూ వాడే కొలతల్లో ఉండి, కావలసినప్పుడు మార్చుకోవడానికి వీలుండాలి. అలా ఉంటే మిగిలినవన్నీ మెల్లగా మీ చేతికి తగినట్టు మలచుకోవచ్చు. లీవరును లోపలి బోర్డుకే, అంటే మన నొక్కులను యంత్రానికి చేరవేసే సర్క్యూట్ పలకకే, అతికించేసిన చవక పెట్టె కొంటే, అది పాడైన రోజున మొత్తం పారేయక తప్పదు.

స్టిక్ లేకపోతే ఈ ఆటలు బాగా ఆడలేమనే అపోహ మాత్రం పెట్టుకోకండి. 2014లో ఇవో అనే ఫైటింగ్ గేముల పోటీల్లో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 ఆటలో గెలిచిన ఫ్రాన్స్ ఆటగాడు లఫీ, మొదటి తరం ప్లేస్టేషన్ ప్యాడ్ (రెండు చేతుల్లో పట్టుకుని బొటనవేళ్ళతో ఆడే మామూలు కంట్రోలర్) పట్టుకునే గెలిచాడు. ఇంట్లో ఉన్న ప్యాడ్‌తో మీ బొటనవేలు నొప్పి పుట్టకుండా ఆడగలుగుతుంటే, డబ్బు కూడేదాకా దానితోనే ఆడండి.

ఇక లీవరు సంగతి. దీని గురించే ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే కొత్తవారు ఇక్కడే అయోమయపడతారు. జపాను లీవరుకు పైన చిన్న నిమ్మకాయంత, అంటే 35 మిల్లీమీటర్ల గుండు ఉంటుంది. సాన్వా సంస్థ చేసే జేఎల్ఎఫ్ ఈ రకంలో ఎక్కువగా కనిపించేది. దాని కింద నాలుగు దిక్కులకూ నాలుగు మైక్రోస్విచ్‌లు ఉంటాయి. మీరు కర్రను ఒక పక్కకు వంచితే, దాని అడుగున ఉండే యాక్చుయేటర్ అనే ప్లాస్టిక్ ముక్క ఎదురు పక్కన ఉన్న స్విచ్‌ను నొక్కుతుంది. మూలకు వంచితే రెండు స్విచ్‌లు ఒకేసారి పడతాయి, గేము దాన్ని వాలు దిక్కుగా గ్రహిస్తుంది. చేయి వదిలితే స్ప్రింగు కర్రను మధ్యకు తెస్తుంది. సైమిట్సు సంస్థ ఎల్ఎస్-32 లీవరు దీనికంటే కొంచెం బిగువుగా ఉంటుంది. కొరియా లీవర్లలో స్ప్రింగుకు బదులు రబ్బరు ఉంటుంది; అందువల్ల అవి మధ్యకు చాలా చురుకుగా తిరిగి వస్తాయి. టెక్కెన్‌ అనే ఫైటింగ్ గేములో వెనక్కి వెనక్కి జరగడానికి కర్రను పదే పదే మధ్యకు తేవలసి ఉంటుంది కాబట్టి, ఆ ఆట ఆడేవారిలో చాలామంది వాటిని ఇష్టపడతారు. అయితే కొరియా లీవరు బిగింపు వేరు, లోతు కూడా ఎక్కువ. జపాను కొలతలతో చేసిన ప్రతి పెట్టెలోనూ అది పట్టదు. కొనేముందు పెట్టె లోపలి లోతు తప్పక కొలవండి.

లీవరు అడుగున కర్ర కదలికకు హద్దుగా ఉండే పలకను గేట్ అంటారు. జపాను లీవర్లకు మామూలుగా చతురస్రపు గేట్ వస్తుంది. దాన్ని చూడగానే చాలామంది ఎనిమిది దిక్కులకు ఎనిమిది మూలలు ఉంటే బాగుంటుందని అష్టభుజి గేట్ తెప్పించుకుంటారు. మొదటి కొన్ని నెలలైనా ఆ పని చేయకండి. మీ కర్ర గేట్ గోడను తాకడానికి ముందే స్విచ్ పడిపోతుంది. గోడ ఉన్నది చేతికి దారి చూపడానికి కాదు, కర్రను ఆపడానికి. స్ట్రీట్ ఫైటర్ ఆటలోని రియూ అనే పాత్ర చేత హడోకెన్ అనే దెబ్బ వేయించడానికి కింద, కింద-ముందు, ముందు అనే మూడు దిక్కులు దాటి గుద్దు బటన్ నొక్కుతారు కదా. ఆ కదలికను గోడలకు రాసుకుంటూ, టకటకమంటూ చేస్తే చేయి త్వరగా అలసిపోతుంది. గోడలను మరచిపోయి చిన్నగా, మధ్యకు దగ్గరగా తిప్పడం అలవాటు చేసుకుంటే, గేట్ ఏ ఆకారంలో ఉన్నా మీకు తేడా తెలియదు. పైగా గైల్ వంటి పాత్రకు వెనక-కింద మూలలో కర్రను పట్టి ఉంచి శక్తిని కూడబెట్టాలి. చతురస్రపు గేట్ మూల అందుకు చక్కగా ఆసరా ఇస్తుంది. జాంగీఫ్‌లాగా కర్రను గుండ్రంగా తిప్పవలసిన పాత్రనే ఎప్పుడూ ఆడేవారు తరువాత అష్టభుజిని ప్రయత్నిస్తే నాకు అభ్యంతరం లేదు.

కర్ర వదులుగా ఉందనిపిస్తే గేట్ జోలికి పోకుండా స్ప్రింగును మార్చి చూడండి. అడుగున ఉన్న, E ఆకారపు చిన్న లోహపు ఇ-క్లిప్‌ను తీస్తే కర్ర ఊడి వస్తుంది, బిగువైన స్ప్రింగు వేసి మళ్ళీ క్లిప్ పెట్టవచ్చు. ఆ క్లిప్ ఎగిరిపోతే దొరకదు, కనుక కింద తెల్ల గుడ్డ పరచుకుని చేయండి. కొంచెం లావైన యాక్చుయేటర్ వేస్తే కర్ర తక్కువ కదిలినా స్విచ్ పడుతుంది. ఒకసారికి ఒక్క భాగమే మార్చి, కొన్నాళ్ళు ఆడి, ఆ తరువాతే రెండోదాని మీద చేయి వేయండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో మీకు తెలియదు.

బటన్ల విషయం అంత చిక్కైనది కాదు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 మూడు గుద్దులకూ మూడు తన్నులకూ కలిపి ఆరు బటన్లు వాడింది. టెక్కెన్‌కు రెండు చేతులకూ రెండు కాళ్ళకూ నాలుగు చాలు. పెట్టె మీద ఎనిమిది ఉంటే ఏ ఆటకైనా సరిపోతాయి. జపాను బటన్ల రంధ్రం 30 మిల్లీమీటర్లు. వాటి స్విచ్‌లకు 2.8 మిల్లీమీటర్ల కనెక్టర్లు తొడిగితే చాలు, సోల్డరింగ్ అక్కరలేదు. బటన్ కాళ్ళు రెండింటిలో ఏది అన్ని బటన్లకూ ఉమ్మడిగా ఉండే తీగకు, అంటే గ్రౌండ్‌కు పోయినా ఫరవాలేదు. రాత్రిపూట పెద్దవారు పడుకున్న గదిలో ఆడవలసి వస్తే, చప్పుడు తక్కువగా చేసే బటన్లు కూడా దొరుకుతాయి. లీవరే లేకుండా దిక్కులకు కూడా బటన్లే పెట్టిన పెట్టెలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటిలో ఎడమ, కుడి ఒకేసారి నొక్కడం సాధ్యమవుతుంది కాబట్టి, ఆ రెండూ కలిసినప్పుడు బోర్డు ఏమి చేయాలో పోటీల నిబంధనలు చెబుతాయి. పోటీకి వెళ్ళదలచినవారు అవి ముందే చదువుకోవాలి.

బోర్డు కొనేటప్పుడు దాని పేరు చూసి మోసపోకండి. "జీరో డిలే" అని అమ్మే చవక బోర్డుల్లో ఆలస్యం సున్నా కాదు, అది పేరు మాత్రమే. ఈ గేములు సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) నడుస్తాయి, అంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. కంప్యూటర్ ఆ బోర్డును సెకనుకు 125 సార్లు మాత్రమే పలకరిస్తే 8 మిల్లీసెకన్లకు ఒకసారన్నమాట, అది సగం ఫ్రేము. 1000 సార్లు పలకరిస్తే ఒక్క మిల్లీసెకను. కంప్యూటర్ మీద ఆడేవారికి రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డులో జీపీ2040-సీఈ అనే ఉచిత ప్రోగ్రామును ఎక్కించుకోవడం నాకు బాగా నచ్చిన మార్గం. ప్లేస్టేషన్ మీద ఆడేవారు మాత్రం తమ యంత్రం ఏ బోర్డును అంగీకరిస్తుందో విచారించాకే డబ్బు చెల్లించాలి.

పెట్టెను మన ఊళ్ళోనే చేయించుకోవచ్చు, నిజానికి నా సలహా అదే. వడ్రంగి దగ్గరికి వెళ్ళినప్పుడు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) వద్దని గట్టిగా చెప్పండి. కోనసీమ తేమకు అది అంచుల దగ్గర ఉబ్బి, స్క్రూలు పట్టు వదిలేస్తుంది. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణ ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి. ఒక చిక్కు ఉంది: నొక్కితే బిగుసుకునే రకం బటన్లు పలుచని పలకకే పట్టుకుంటాయి, మందపాటి ప్లైవుడ్‌లో నిలవవు. కనుక పక్కలు ప్లైవుడ్‌తో చేయించి, పై పలకను లోహపు రేకుతో గాని మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్‌తో గాని పెట్టించండి, లేదా మర తిప్పి బిగించే రకం బటన్లు కొనండి. అక్రిలిక్ కింద మీకు నచ్చిన బొమ్మ ముద్రించిన కాగితం పెట్టుకోవచ్చు. నరసాపురం లేసు నమూనా ఒకటి అలా పరిస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో మీ అత్తను అడగండి, ఆమె దగ్గర చాలా ఉన్నాయి. గుండును కూడా లేత్ పనివారి చేత చెక్కతో తిప్పించుకోవచ్చు, ఆరు మిల్లీమీటర్ల మర సరిగ్గా కుదరాలని చెప్పండి చాలు. నేల మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని ఆడే అలవాటు మనది కాబట్టి, పెట్టె మీ రెండు తొడలనూ దాటేంత వెడల్పుగా ఉండాలి. అడుగున రబ్బరు షీటు అంటించాలి. మరీ తేలికైన పెట్టె ఆట వేడిలో జారిపోతుంది.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండే పిల్లలు ఉప్పు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ ఇనుప స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి, అందుచేత స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించండి. ఆడడం అయ్యాక పెట్టె మీద గుడ్డ కప్పి, లోపల సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. వర్షాకాలంలో వాటిని తరచుగా మార్చండి. ఏదైనా బటన్ ఒక్కోసారి పడి ఒక్కోసారి పడకపోతే, ముందుగా కనెక్టరును లాగి మళ్ళీ తొడిగి చూడండి, అప్పటికీ కుదరకపోతే ఆ బటన్నే పక్క బటన్‌తో మార్చి చూడండి. లోపం బటన్‌తో పాటు కదిలితే బటన్ కొత్తది వేయాలి. పాత చోటే ఉండిపోతే తీగను గాని బోర్డును గాని చూడాలి. మీ లీవరు ఏ రకమో, పెట్టె లోతు ఎంతో కొలిచి నాకు రాయండి, స్ప్రింగు ఎంత బిగువుది వేయాలో అప్పుడు చెబుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య