ప్రేమ తెగిపోయాక పెళ్లి: విశ్వాసుల్లో నేను వినే అపోహలు, వాస్తవాలు

ఆమె తన బైబిల్ తెరిచి నా ముందు పెట్టింది. మీకు మేలైన భవిష్యత్తు, నిరీక్షణ ఇస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 పక్కన పెన్సిల్‌తో రాసిన ఒక తేదీ, తను ప్రేమించినవాడి పేరులో మొదటి అక్షరం. రబ్బరుతో రుద్దినా గుర్తు పోలేదు. "దేవుడు మాట తప్పాడా అండీ, నేనే తప్పుగా విన్నానా?" అని అడిగింది. చర్చిలో పెళ్లికి ముందు కౌన్సెలింగ్ చేసే నాకు ఈ ప్రశ్న కొత్త కాదు.

అపోహ: ఆ వచనం అర్థం, ఇంతకంటే మంచి మనిషి వస్తారని.

వాస్తవం: అది బబులోనులో బందీలుగా ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. దాని ముందు వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. అంటే, విన్నవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లడం చూడకుండానే పోయి ఉంటారు. అయినా 5, 6 వచనాల్లో దేవుడు ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి అంటాడు. వచనం అబద్ధం కాలేదమ్మా, దాని పక్కన పేరు రాసుకున్నది మనం. ఆమెకు నేను చెప్పింది ఇంతే.

అపోహ: దేవుడు నాకోసం ఒక్కరినే ఉంచాడు, ఆ ఒక్కరూ పోయారు.

వాస్తవం: దీనికి అందరూ ఇస్సాకు, రిబ్కాల కథ చూపిస్తారు. ఆదికాండం 24 నెమ్మదిగా చదవండి. ఇస్సాకుకు పెళ్లికూతుర్ని వెతకడానికి వెళ్లిన సేవకుడు దేవుణ్ణి అడిగిన గుర్తు మెరుపూ కాదు, కలా కాదు. తనకు నీళ్లిచ్చి, ఒంటెలకు కూడా తోడిపోసే అమ్మాయి. ఒంటెలు పది. దాహంతో ఉన్న ఒంటె ఒక్కసారికే వంద లీటర్ల దాకా తాగగలదు, లెక్క వేసుకోండి! అతను చూసింది గుణం. చివర్లో ఇంటివాళ్లు రిబ్కానే పిలిచి "వెళ్తావా" అని అడిగారు, ఆమె "వెళ్తాను" అంది. ఇక అపొస్తలుడైన పౌలు అయితే విధవరాలి గురించి 1 కొరింథీ 7:39లో, తనకిష్టమైనవాణ్ణి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే, అంటే అతను విశ్వాసి అయితే చాలు అంటాడు. ఒక్కరే ఉంటే ఇష్టం అనే మాటకు చోటెక్కడ?

అపోహ: విశ్వాసం ఉంటే ఇంతలా ఏడవకూడదు.

వాస్తవం: 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ఆగిపోతుంది. అదీ లేఖనమే.

అపోహ: క్షమించానంటే మళ్లీ కలవాలి.

వాస్తవం: ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఆదికాండంలోని యోసేపు, తనను బానిసగా అమ్మేసిన అన్నలను చూసి పక్కకెళ్లి ఏడ్చాడు. కానీ వెంటనే తనెవరో చెప్పలేదు. తమ్ముడు బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించి పరీక్షించాడు. తమ్ముడికి బదులు నేను దాసుడిగా ఉంటానని అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చాకే బయటపడ్డాడు. కోపం వదిలేయడం మీ చేతిలో ఉంది. నమ్మకం మాత్రం అవతలివాళ్లు మారితేనే వస్తుంది. కొట్టినవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

అపోహ: నిశ్చితార్థం తెగితే విడాకులతో సమానం.

వాస్తవం: యేసు తల్లి మరియ, ఆమె భర్త యోసేపుల కాలంలో ప్రధానం, అంటే అప్పటి నిశ్చితార్థం, చట్టపరమైన బంధం, తెంచుకోవాలంటే పరిత్యాగపత్రం, అంటే విడాకుల పత్రం కావాలి. నేటి నిశ్చితార్థం అలాంటిది కాదు.

అపోహ: త్వరగా ఇంకో పెళ్లి చేస్తే అన్నీ మర్చిపోతారు.

వాస్తవం: కొత్త సంబంధం ఖాయం చేసుకునేముందు నేను ఒకటే అడుగుతాను: ఈ సంగతి పాత మనిషికి తెలియాలని లోపల ఎక్కడైనా ఉందా? ఉందంటే తేదీ వాయిదా వేయమంటాను. పెళ్లే వద్దనిపించినా టెన్షన్ పడక్కర్లేదు, పౌలు పెళ్లి లేకుండా ఉండటాన్ని కూడా కృపావరమనే, అంటే దేవుడిచ్చిన వరమనే అన్నాడు. కాకపోతే ఆ నిర్ణయం గాయం పచ్చిగా ఉన్నప్పుడు తీసుకోకండి.