సగం దారిలో మారే మాట: ఉత్తర ఇంగ్లండ్‌లో రైలూ, వీసా

లీడ్స్ నుంచి హాలిఫాక్స్ మీదుగా మాంచెస్టర్ వెళ్ళే రైలు బ్రాడ్‌ఫర్డ్ ఇంటర్‌చేంజ్ స్టేషన్‌లో ఆగుతుంది. అక్కడితో పట్టాలు అయిపోతాయి. డ్రైవరు ముందు క్యాబిన్ దిగి, బ్యాగు భుజాన వేసుకుని, ప్లాట్‌ఫారం మీద రైలు పొడవునా నడిచి వెనక క్యాబిన్ ఎక్కుతాడు. రైలు వచ్చిన వైపుకే బయల్దేరుతుంది. అప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్ళు ఇక వెనక్కి వెళ్తున్నట్టుగా కూర్చోవాలి. ఊళ్ళో ఫోర్‌స్టర్ స్క్వేర్ అని ఇంకో స్టేషన్ ఉంది, నడిచి వెళ్ళేంత దూరమే. అక్కడా పట్టాలు ఆగిపోతాయి. 19వ శతాబ్దంలో పోటీపడ్డ రెండు రైల్వే కంపెనీలు ఎవరి స్టేషన్ వాళ్ళు కట్టుకున్నాయి. ఆ రెంటినీ కలిపే కొద్దిపాటి లైను ఇప్పటికీ లేదు. చుట్టుపక్కల ఐదు లక్షలకు పైగా జనం ఉన్న ఊరిది.

ఇదే బ్రాడ్‌ఫర్డ్‌కు 1950, 60లలో పాకిస్తాన్ ఆధీనంలోని కశ్మీర్‌లో ఉన్న మీర్‌పూర్ ప్రాంతం నుంచి, మన పంజాబ్, గుజరాత్‌ల నుంచి వేలమంది వచ్చారు. స్థానికులు వద్దనుకున్న నైట్ షిఫ్టులు ఉన్ని మిల్లుల్లో వాళ్ళే చేశారు. మంగ్లా డ్యామ్ కింద ఊళ్ళు మునిగిన కుటుంబాలూ వాళ్ళలో ఉన్నాయి. మిల్లులు మూతపడ్డా మనుషులు అక్కడే ఉండిపోయారు.

కాబట్టి ఇలాంటి ఊరి ఎంపీ పార్లమెంటులో ఒక రోజు రైల్వే నిధుల మీద, ఇంకో రోజు వలస చట్టాల మీద గొంతెత్తితే, ఈయనకు రెండింటి మీదా ఎందుకింత పట్టుదల అని ఆశ్చర్యపోనక్కర్లేదు. శుక్రవారమో శనివారమో ఎంపీ తన ఊళ్ళో జనాన్ని కలిసే సమయాన్ని అక్కడ 'సర్జరీ' అంటారు. రైలు రద్దై ఉద్యోగానికి ఆలస్యమైన మనిషీ, భార్య వీసా నెలల తరబడి తేలని మనిషీ ఒకే బల్ల ముందు కూర్చుంటారు. ఈ రెండు పనుల్లో ఏదీ ఊరి కౌన్సిల్ చేతిలో లేదు. పెద్ద రైల్వే లైన్ల సంగతీ, వీసాల సంగతీ తేల్చేది లండనే.

అయితే దీని వెనక దూరం ఒక్కటే కాదు, ఇంకో పాత కథ ఉంది. రైల్వే లైను వేయడానికి పది ఇరవై ఏళ్ళు పడుతుంది. పరాయి దేశంలో ఒక కుటుంబం నిలదొక్కుకోవడానికీ ఐదారేళ్ళు కావాలి. రెండూ ప్రభుత్వం ఇచ్చిన మాట మీదే మొదలవుతాయి. బ్రిటన్‌లో ఆ మాట చాలాసార్లు సగం దారిలో మారింది.

1948తో మొదలుపెడదాం. ఆ ఏడాది జనవరిలో రైళ్ళు జాతీయం అయ్యాయి. జూన్ 22న 'ఎంపైర్ విండ్‌రష్' ఓడ కరీబియన్ నుంచి వచ్చినవాళ్ళను టిల్‌బరీ రేవులో దించింది. అదే ఏడాది వచ్చిన పౌరసత్వ చట్టం బ్రిటన్ ఏలిన వలస రాజ్యాల ప్రజలకూ బ్రిటన్‌లో ఉండే హక్కును ఖాయం చేసింది. యుద్ధం తర్వాత పనివాళ్ళ కొరత తీవ్రంగా ఉంది. 1956 నుంచి, నగరంలో బస్సులూ భూగర్భ రైళ్ళూ నడిపే లండన్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ నేరుగా బార్బడోస్‌లోనే మనుషులను ఎంపిక చేసుకుంది. ఓడ ఖర్చుకు అక్కడి ప్రభుత్వం అప్పిచ్చింది, జీతంలోంచి తీర్చుకోవాలి. మీరు రండి, మా బస్సులూ రైళ్ళూ నడపండి అని పిలిచి మరీ తెచ్చుకున్నారు.

పిలిచినవాళ్ళకు ఏ పని దక్కిందో చెప్పడానికి ఒక్క మనిషి కథ చాలు. డొమినికా నుంచి వచ్చిన ఆస్క్విత్ జేవియర్ లండన్ మేరిల్‌బోన్ స్టేషన్‌లో గార్డు. 1966లో యూస్టన్‌కు బదిలీ అడిగితే కుదరదన్నారు. అక్కడి సిబ్బంది కమిటీ నల్లవాళ్ళను గార్డులుగా రానివ్వడం లేదు, ఆ సంగతి ఆయనకు వచ్చిన ఉత్తరంలోనే బయటపడింది. ఉద్యోగాల్లో వర్ణ వివక్ష అప్పటికి చట్టరీత్యా నేరం కూడా కాదు. 1965 జాతి సంబంధాల చట్టం హోటళ్ళూ బస్సుల లాంటి బహిరంగ స్థలాల వరకే. విషయం పార్లమెంటుకూ, రవాణా మంత్రి బార్బరా కాసిల్ దాకా వెళ్ళింది. చివరికి రైల్వే దిగొచ్చింది. ఆగస్టులో ఆయన యూస్టన్‌లో చేరాడు. బెదిరింపు ఉత్తరాలు రావడంతో మొదట్లో పోలీసు రక్షణ అవసరమైంది. రైలు పచ్చజెండా ఊపడానికి ఒక మనిషికి పోలీసులు కావలసిరావడం తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టం 1968లో వచ్చింది.

అదే కాసిల్ హయాంలో రైల్వే లైన్లు మూతపడుతూ ఉన్నాయి. 1963లో రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక 2,363 స్టేషన్లను మూసెయ్యమంది. పెద్ద మూసివేతలు ఆపుతామని 1964 ఎన్నికల్లో లేబర్ పార్టీ మాట ఇచ్చింది. గెలిచింది, మూసివేతలు మాత్రం సాగాయి. లైను పోయిన ఊళ్ళలో మాట తప్పారన్న కోపం ఊరికే రాలేదు.

వలసలోనూ ఇదే జరిగింది. 1962 చట్టం ఉద్యోగ పత్రం ఉంటేనే రానిస్తామంది. తలుపు మూసుకుంటుందని తెలిసి అంతకుముందు ఏడాదిన్నరలో జనం హడావుడిగా వచ్చారు. నాలుగు డబ్బులు సంపాదించి తిరిగి వెళ్దామనుకున్న మగవాళ్ళు, వెళ్తే మళ్ళీ రానివ్వరేమోనన్న భయంతో భార్యాపిల్లలను రప్పించుకుని స్థిరపడ్డారు. వలస తగ్గించడానికి తెచ్చిన చట్టమే వాళ్ళను శాశ్వతంగా ఉంచింది. 1968లో కెన్యాలోని ఆసియా సంతతివాళ్ళ దగ్గర బ్రిటిష్ పాస్‌పోర్టులు ఉన్నా, వాళ్ళను అడ్డుకునే బిల్లు మూడు రోజుల్లో పార్లమెంటు దాటింది. చేతిలో పాస్‌పోర్టు ఉంది, దాని విలువే రాత్రికి రాత్రి పోయింది. ఆ తర్వాత రెండు నెలలకే బర్మింగ్‌హామ్‌లో ఎంపీ ఎనోక్ పవెల్ తన ప్రసంగంలో వలస వచ్చినవాళ్ళ మీద విషం కక్కాడు.

2018లో బయటపడ్డ విండ్‌రష్ ఘోరం దీనికి కొనసాగింపే. చిన్నప్పుడు చట్టబద్ధంగా వచ్చి, దశాబ్దాలు పన్ను కట్టినవాళ్ళను, కాగితాలు చూపలేదని ఉద్యోగాల్లోంచి తీసేశారు, కొందరిని నిర్బంధించారు, దేశం నుంచి పంపేశారు. వాళ్ళు వచ్చినప్పటి ల్యాండింగ్ కార్డులను 2010లో నాశనం చేసింది హోం శాఖే. హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు.

మళ్ళీ రైలు దగ్గరికి వద్దాం. డబ్బు లండన్ వైపే ఎందుకు వెళ్తుందన్న ప్రశ్నకు సగం జవాబు లెక్కల పద్ధతిలో ఉంది. ఖజానా శాఖ 'గ్రీన్ బుక్' ప్రకారం ఒక లైను వల్ల ఎంతమందికి ఎన్ని నిమిషాలు కలిసొస్తాయి, ఆ నిమిషాల విలువెంత అని లెక్కేస్తారు. జనం కిక్కిరిసి, జీతాలు ఎక్కువున్న చోట లెక్క బాగా తేలుతుంది. లైనే లేని చోట ఎక్కేవాళ్ళెవరూ కనపడరు కాబట్టి తేలదు. 2022లో మొదలైన లండన్ ఎలిజబెత్ లైనుకు దాదాపు 1,900 కోట్ల పౌండ్లు ఖర్చయింది. ఉత్తరాన మాత్రం 1980లలో బస్సు బాడీలను రైలు చక్రాల మీద పెట్టి చేసిన 'పేసర్' రైళ్ళు 2020 దాకా తిరిగాయి. మలుపులో వాటి చక్రాలు కీచుమనే శబ్దం అక్కడి జనానికి బాగా గుర్తు. లీడ్స్‌కు ఒప్పుకున్న ట్రామ్‌ను 2005లో రద్దు చేశారు. దాని బదులన్న ట్రాలీబస్సునూ 2016లో రద్దు చేశారు.

2014 జూన్‌లో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ మాంచెస్టర్‌లో 'నార్తర్న్ పవర్‌హౌస్' ప్రకటించింది, 1830లో లివర్‌పూల్ రైళ్ళు మొదలైన పాత స్టేషన్ స్థలంలోనే. ఉత్తరాది నగరాలను వేగవంతమైన రైలుతో కలుపుతామన్నారు. 2021 నవంబరులో హెచ్‌ఎస్2 (లండన్ నుంచి ఉత్తరాదికి వేస్తామన్న వేగవంతమైన రైల్వే లైను) తూర్పు శాఖను లీడ్స్‌కు రాకుండా కుదించారు. బ్రాడ్‌ఫర్డ్ మీదుగా కొత్త లైనూ ఆ ప్రణాళికలో లేదు. 2023 అక్టోబర్ 4న ప్రధాని రిషి సునాక్ బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్ వెళ్ళే భాగాన్నీ రద్దు చేశారు. ఆ ప్రకటన జరిగింది మాంచెస్టర్‌లోనే, 1969లో మూతపడ్డ సెంట్రల్ స్టేషన్ భవనంలో. మిగిలే 3,600 కోట్ల పౌండ్లను ఇతర రవాణా పనులకు ఇస్తామన్నారు, వాటిలో రోడ్ల గుంతలు పూడ్చడమూ ఉంది. గ్రేటర్ మాంచెస్టర్ మేయర్ ఆండీ బర్నమ్ గట్టిగా నిలదీశారు. అప్పటికే దారిలో ఉన్న ఇళ్ళూ పొలాలూ కొన్నిటిని హెచ్‌ఎస్2 కోసం కొనేశారు.

సరిగ్గా రెండు నెలలకు, డిసెంబర్ 4న, అదే ప్రభుత్వం వలసలపై ఐదు సూత్రాలు ప్రకటించింది. అప్పటి లెక్కల ప్రకారం 2022లో నికర వలస (వచ్చినవాళ్ళలోంచి వెళ్ళినవాళ్ళను తీసేస్తే మిగిలే సంఖ్య) 7 లక్షలు దాటింది, ప్రభుత్వం మీద ఒత్తిడి నిజమే. నాకు ఆ సంఖ్య మీద గొడవ లేదు. ఏ దేశమైనా ఎంతమందిని రానివ్వాలో తేల్చుకోవచ్చు. గొడవ పద్ధతితోనే. విదేశీ జీవిత భాగస్వామిని తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉంటే చాలన్నది 2012 నుంచి ఉన్న నియమం. దాన్ని ఒక్కసారిగా 38,700 చేస్తామన్నారు. పెళ్ళి ముహూర్తాలు పెట్టుకున్నవాళ్ళకు ఎంత టెన్షనో ఊహించుకోండి. మూడు వారాలు తిరక్కుండా ముందు 29,000 అన్నారు. 2024 ఏప్రిల్‌లో అదే అమలైంది, మిగతా పెంపు ఆగిపోయింది. మూడు వారాల్లో రెండు లెక్కలు! ఉత్తరాన జీతాలు లండన్ కన్నా తక్కువ కాబట్టి ఏ అంకె పెట్టినా దెబ్బ అక్కడే ఎక్కువ. లీడ్స్‌లో ఉద్యోగం దొరికితే ఆ అంకె దాటే బ్రాడ్‌ఫర్డ్ కుర్రాడికి, పొద్దున రద్దయ్యే రైలు వీసా సమస్య కూడా.

2024లో లేబర్ వచ్చింది. రైళ్ళ కంపెనీలను తిరిగి ప్రభుత్వ చేతిలోకి తెచ్చే చట్టం చేసింది. 2025 జూన్‌లో నగర ప్రాంతాల రవాణాకు 1,560 కోట్ల పౌండ్లు ప్రకటించింది, అందులో వెస్ట్ యార్క్‌షర్‌కు 210 కోట్లు. అంతకు నెల ముందు, మే 12న, వలస విధాన పత్రంలో శాశ్వత నివాసానికి ఆగాల్సిన గడువును ఐదేళ్ళ నుంచి పదేళ్ళు చేస్తామంది.

మొదటి రోజు నుంచే ఎంపీలు అడిగిన ప్రశ్న, ఈ కొత్త గడువు ఇప్పటికే వచ్చినవాళ్ళకూ వర్తిస్తుందా అని. వృద్ధాశ్రమాల్లో మనుషులు లేక 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్ల వీసా తెరిచారు. ఐదేళ్ళకు స్థిర నివాసం అన్న నియమం చూసుకునే, ఊళ్ళో అప్పు చేసి ఏజెంటుకు కట్టి, చాలామంది వచ్చారు. 2024 మార్చిలో కుటుంబాన్ని తెచ్చుకునే వీలు తీసేశారు. 2025 జూలై 22న బయటి నుంచి కొత్తవాళ్ళ నియామకమే ఆపారు. నవంబరులో హోం మంత్రి షబానా మహమూద్ ప్రతిపాదనల్లో ఇలాంటి ఉద్యోగాలకు గడువు 15 ఏళ్ళు అయింది. స్థిర నివాసం ఇంకా దక్కని, ఇప్పటికే దేశంలో ఉన్నవాళ్ళకూ అది వర్తిస్తుందన్నారు. ఆ వీసా మీద మొదట వచ్చినవాళ్ళకు ఐదేళ్ళు నిండేది 2027లో. వాళ్ళ పిల్లలు ఇప్పటికే అక్కడి బళ్ళో చదువుకుంటున్నారు.