పంటి డాక్టర్ దగ్గరికి పోతే వైరస్ అంటుకుంటుందా? అపోహలు - వాస్తవాలు

"సార్, ఇప్పుడొస్తే ఏమన్నా అంటుకుంటదా?" నల్లగొండలోని మా క్లినిక్‌కు 2020 నుంచి ఈ ఫోన్ ఆగలేదు. కరోనా కొత్త వేరియంట్ అని టీవీలో వస్తే చాలు, జనానికి మళ్లీ అదే టెన్షన్.

అపోహ: వైరస్ తగ్గేదాకా గోలీలు వేసుకుని ఇంట్లో ఉండటమే క్షేమం.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఈ మాటే. మొదటి లాక్‌డౌన్‌లో దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. కింది దవడ పన్ను పుచ్చి చీము పట్టింది. మెడికల్ షాపు గోలీలు మింగుతూ, కాపడం పెట్టుకుంటూ ఆగారు. వచ్చేసరికి వాపు గదవ కింది నుంచి మెడలోకి దిగింది. నోరు తెరవలేరు, ఉమ్మి మింగలేరు. ఆ వాపు ఇంకా పెరిగితే ఊపిరి ఆడే దారే మూసుకుపోతుంది. అప్పటికప్పుడు అంబులెన్స్‌లో హైదరాబాద్ పంపించాం. బతికారు. "కరోనా భయానికే ఆపినం సార్" అని కొడుకు ఏడ్చాడు. అతన్ని ఏమనగలం? పళ్ల దవాఖానకు పోతే ఖాయంగా అంటుకుంటుందని వాట్సాప్‌లో ఆడియోలు తిప్పినవాళ్ల మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

నొప్పి గోలీ నొప్పిని అణుస్తుంది, చీమును తీయదు. 2020 మేలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు మామూలు పనులను వాయిదా వేయమన్నాయి కానీ, కేసులు ఎక్కువగా ఉన్న రెడ్ జోన్‌లో కూడా అత్యవసర చికిత్సకు అనుమతించాయి. మర్రిగూడ, మునుగోడు నుంచి ఫ్లోరైడ్ మరకల కోసం వచ్చినవాళ్లను అప్పట్లో నేనే తర్వాత రమ్మన్నాను. మరకలకు తొందర లేదు. దవడ వాపు, ఆగని రక్తం, దెబ్బకు ఊడిన పన్ను అలా కాదు.

భయానికి అసలు కారణమే లేదని అనను. ఎయిరోటర్ (పన్ను తొలిచే మిషన్), స్కేలర్ (పళ్ల గార తీసే మిషన్) నీళ్లు చిమ్ముతూ పనిచేస్తాయి. ఆ నీళ్లతో పాటు ఉమ్మి కూడా సన్నని తుంపరగా లేచి కాసేపు గాలిలో ఉంటుంది. అందుకే ముందు నోరు పుక్కిలించమంటాం. వీలైన చోట పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ (పల్చని రబ్బరు తెర) వేస్తాం, నోట్లోని నీళ్లు, తుంపర లాగేసే గట్టి సక్షన్ గొట్టం పెడతాం. ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాం. పేషెంట్‌కూ పేషెంట్‌కూ మధ్య గది ఖాళీగా ఉంచుతాం. మామూలుగా పన్ను తీయడంలో ఈ తుంపర చాలా తక్కువ. పేషెంట్ నోటికి అందరికన్నా దగ్గరగా ఉండేది మేమే. 2020 జూన్‌లో అమెరికాలో దంత వైద్యులను సర్వే చేస్తే, కొవిడ్ సోకినవాళ్లు 1 శాతం లోపే అని తేలింది. ఎన్95, ఫేస్ షీల్డ్ లాంటి జాగ్రత్తలు పనిచేస్తాయి.

అపోహ: పనిముట్లను నీళ్లలో మరిగిస్తే చాలు.

వాస్తవం: చాలదు. కొన్ని బ్యాక్టీరియాల స్పోర్లు (గట్టి పొర కప్పుకున్న రూపాలు) మరిగినా చావవు. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో ఆవిరి పట్టి క్రిములను చంపే మిషన్) 121 డిగ్రీల ఆవిరి, 15 పౌండ్ల ఒత్తిడి, కనీసం 15 నిమిషాలు ఉండాలి. ఎయిరోటర్ హ్యాండ్‌పీస్‌ కూడా అందులోకి వెళ్లాల్సిందే. మీరు వెళ్లే క్లినిక్‌లో అడగండి, మొహమాటపడకండి.

అపోహ: గుమ్మం దగ్గర టెంపరేచర్ చూశారు, ఇక భయం లేదు.

వాస్తవం: జ్వరం లేకుండా కూడా వైరస్ ఉంటుంది.

అపోహ: జ్వరం ఉందని చెబితే వెనక్కి పంపుతారు.

వాస్తవం: దయచేసి దాచకండి. బయల్దేరే ముందే ఫోన్‌లో చెప్పండి. ఆగగలిగే పనైతే తగ్గాక రమ్మంటాం. ఆగలేనిదైతే రోజులో చివరి పేషెంట్‌గా మిమ్మల్ని చూస్తాం. అప్పుడు మీ తర్వాత ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు, రాత్రంతా గదికి గాలి ఆడుతుంది.