అడవి పందికి ఏ తూటా? అపోహలు – వాస్తవాలు

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో నర్సంపేట, ములుగు వైపు అటవీ అధికారుల అనుమతితో పందులను కాల్చడానికి వెళ్తుంటాను. తూటాల గురించి అక్కడ తరచూ వినిపించే మాటలివి.

అపోహ: పంది తోలు మందం, గట్టి తూటానే వాడాలి.

వాస్తవం: ముదురు మగపందికి భుజాల మీద దళసరి కవచం ఉంటుంది, నిజమే. కానీ మొనతో సహా లోహపు తొడుగు కప్పిన సైనిక రకం తూటా ఆకారం చెడకుండానే ఒంట్లోంచి దూసుకుపోతుంది. రంధ్రం చిన్నది, నెత్తురు తక్కువ. పంది గాయంతో చేలోకి దూరుతుంది, తెల్లారి కూలీల మీద పడుతుంది. అవతలికి దూసుకెళ్లిన తూటా ఏ గుడిసె వైపు పోయిందో ఎవరికి తెలుసు? అందుకే మొన దగ్గర సీసం కనిపించే సాఫ్ట్ పాయింట్ తూటా వాడాలి. అది లోపల పుట్టగొడుగులా విచ్చుకుని, బలంలో ఎక్కువ భాగం అక్కడే ఖర్చు చేస్తుంది. అయినా పంది వెనుక మట్టి గట్టు లేకపోతే నేను ట్రిగ్గర్ నొక్కను. రైఫిల్ తూటా మూడు కిలోమీటర్లు కూడా పోగలదు.

అపోహ: వేగం ఉంటే చాలు.

వాస్తవం: పలుచని తొడుగున్న తేలికపాటి తూటా భుజం ఎముకకు తగిలి పైపైనే ముక్కలవుతుంది. కాస్త బరువైనది, సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ రకం నమ్మదగినది.

అపోహ: మంచి తూటా ఎక్కడ తగిలినా పంది పడుతుంది.

వాస్తవం: ఎత్తయిన మూపు కంటిని మోసగిస్తుంది. పంది గుండె చాలా కిందుగా ఉంటుంది. పక్క నుంచి చూస్తే ముందరి కాలికి తిన్నగా, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి పెట్టాలి. మూపు కింద కాలిస్తే కొవ్వు చీలుతుంది, అంతే. తూటా కంపెనీ మారినప్పుడల్లా కాల్పుల సాధన చేసే రేంజిలో గురి సరిచూసుకోవాలి. బోరు (తుపాకీ గొట్టం లోపలి కొలత) ఒకటే అయినా తూటా పడే చోటు మారుతుంది.

అపోహ: దుప్పి కూడా చేను మేస్తుంది, దాన్నీ కాల్చవచ్చు.

వాస్తవం: కూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. పందికి ఇచ్చిన అనుమతి పందికే. చేనుకు కరెంటు తీగ కట్టడం కూడా నేరమే, దానికి మనుషులే బలైపోతున్నారు.

అపోహ: సీసంతో అడవికి నష్టం లేదు.

వాస్తవం: విచ్చుకున్న తూటా నుంచి రాలిన సీసపు రేణువులు కళేబరంలో మిగులుతాయి, తిన్న రాబందులకు విషమవుతాయి. బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట రాబందులు గూళ్లు కట్టుకున్న చోటు. కాబట్టి కాల్చిన పందిని ఆ రోజే లోతుగా పాతిపెట్టించండి, పేగులతో సహా. పూర్తి రాగితో చేసిన తూటాలు దొరికితే ఖరీదైనా అవే కొనండి.