పూల్‌లో ఈత వస్తే సముద్రంలో భయం లేదా? అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ వస్తే హన్మకొండలో మా సమ్మర్ క్యాంప్‌కు పిల్లలను తెచ్చే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "మేడం, మే నెలలో థాయ్‌లాండ్‌ల ఫుకెట్ పోతున్నం. పదిహేను రోజుల్లో ఈత వస్తే ఇగ సముద్రంలో టెన్షన్ లేదు కదా?" ఈత వస్తుంది, టెన్షన్ మాత్రం పోకూడదు. మన ఎండాకాలం సెలవుల్లోనే అక్కడ వానాకాలం మొదలవుతుంది. మే నుంచి అక్టోబర్ దాకా ఫుకెట్ పడమటి తీరంలో అలలు, రిప్ కరెంట్లు (ఒడ్డు నుంచి లోపలికి పోయే బలమైన ప్రవాహాలు) ఎక్కువ.

అపోహ: సముద్రం అడుగుకు గుంజుతుంది, బలమంతా పెట్టి ఒడ్డుకు ఈదాలి.

వాస్తవం: ఈ నమ్మకమే ఎక్కువ ప్రాణాలు తీస్తోంది. రిప్ కరెంట్ మనిషిని కిందికి గుంజదు, ఒడ్డు నుంచి దూరంగా తీసుకుపోతుంది. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు ఇసుక దిబ్బల మధ్య లోతున్న చోటు నుంచి తిరిగి లోపలికి పోతాయి. లోతు ఉంటే అలలు పెద్దగా విరగవు, అందుకే ఆ చోటు ప్రశాంతంగా కనిపిస్తుంది. మనవాళ్లు "ఇక్కడ అలలు లేవు" అని పిల్లలను సరిగ్గా అక్కడికే తీసుకుపోతారు! ఒక్కోసారి ఆ ప్రవాహం సెకనుకు 8 అడుగుల వేగం అందుకుంటుంది. ఒలింపిక్ ఈతగాళ్లు కూడా దానికి ఎదురీదలేరు. మామూలు మనిషికి కాసేపటికే చేతులు పడిపోతాయి.

కొట్టుకుపోతున్నట్టు తెలియగానే ఒడ్డువైపు ఈదడం ఆపండి. వెల్లకిలా తేలుతూ ఊపిరి తీసుకోండి, ఒక చెయ్యి ఎత్తి ఊపండి. ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు ఈదండి. ఆ ప్రవాహం వెడల్పు సాధారణంగా 100 అడుగులు దాటదు. పక్కకు తప్పుకున్నాక అలలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి.

మా క్యాంప్‌కు వచ్చే ఒక పాప వాళ్ల తాత పరకాల దగ్గరి రైతు. చిన్నప్పుడు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నాడు. సిడ్నీలో బిడ్డ దగ్గరికి పోయినప్పుడు సముద్రంలో దిగి కొట్టుకుపోయాడు. ఎంత ఈదినా ఒడ్డు దగ్గరికి రాలేదట. "ఇగ చాతగాక బాయిల పండినట్టు ఎల్లెలకల పండిన మేడం" అన్నాడు. లైఫ్‌గార్డ్ బోర్డు మీద వచ్చేదాకా అట్లనే తేలాడు. అందుకే నేను పిల్లలకు మొదట తేలడమే నేర్పుతాను. రేసు చూద్దామని వచ్చిన తండ్రులకు ఇది నచ్చదు, అయినా మార్చను.

లైఫ్‌గార్డ్ ఉన్న బీచ్‌లోనే, ఎరుపు-పసుపు జెండాల మధ్యే దిగండి. ఎర్ర జెండా ఉంటే దిగకండి. 1938 ఫిబ్రవరి 6న సిడ్నీ బాండి బీచ్‌లో పెద్ద అలలకు ఒకేసారి వందలమంది లోపలికి కొట్టుకుపోయారు. లైఫ్‌సేవర్లు అక్కడే ఉండటం వల్ల మరణాలు ఐదు దగ్గర ఆగాయి.

మిగతావి తొందరగా చెప్తాను. గాలి ట్యూబ్ రక్షణ కాదు, ఒడ్డు నుంచి గాలి వీస్తే అదే లోపలికి తీసుకుపోతుంది. జెల్లీఫిష్ కుడితే మూత్రం పోయడం శుద్ధ దండగ. "ఆ బీచ్ ఏటా బలి తీసుకుంటది" అనే వాట్సాప్ కబుర్లు మన చెరువుల మీదా విన్నాను. ఏ నీళ్లూ బలి అడగవు, అక్కడ గుంతో ప్రవాహమో ఉంటుంది, అది కనుక్కోండి. యూరప్ నదుల్లో, సరస్సుల్లో చలి వేరే ప్రమాదం. 15 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలోకి దూకితే అసంకల్పితంగా ఊపిరి ఎగబీలుస్తాం, తల మునిగి ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. మెల్లగా దిగండి.

ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి. మన దగ్గర ఒకరి కోసం ఇంకొకరు దూకి ఇంటిల్లిపాదీ పోయిన సంఘటనలు చాలా ఉన్నాయి. తేలే వస్తువు ఏదైనా విసిరి లైఫ్‌గార్డ్‌ను పిలవండి. ఎమర్జెన్సీ నంబర్లు: యూరప్‌లో 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000.

ఈత రాని అమ్మలు "మేము అసలు పోవద్దా" అని బెంగగా అడుగుతారు. తప్పకుండా పోండి. జెండాల మధ్య మోకాలి లోతులో, పిల్లలు చేతికి అందేంత దగ్గర నిలబడండి. మునిగే పిల్లలు చాలాసార్లు అరవలేరు, కాబట్టి ఫోన్ బ్యాగులో పెట్టండి.