ఎలక్ట్రిక్ కారు, మత్తులో డ్రైవర్: అపోహలు - వాస్తవాలు

ప్రమాదంలో నుజ్జయిన బండిని పరీక్షించి, అది ఎంత వేగంతో వచ్చింది, చివరి క్షణాల్లో డ్రైవర్ ఏం చేశాడు అని తేల్చడం నా పని. బండి ఎలక్ట్రిక్‌దైతే అందరూ ముందు బ్యాటరీ గురించే అడుగుతారు. డ్రైవర్ రక్తపరీక్ష మాట ఎక్కడో ఆఖర్న వస్తుంది.

అపోహ: ఎలక్ట్రిక్ కారు కాబట్టే అంత ఘోరం జరిగింది.

వేగం రెండింతలైతే ఢీకొనే శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ప్రాణం నిలబెట్టే సీటుబెల్టూ ఎయిర్‌బ్యాగూ 120 దగ్గర చేతులెత్తేయొచ్చు. అలాగని బండికి ఏ పాత్రా లేదనను. బ్యాటరీ వల్ల బరువెక్కువ, కాబట్టి ఎదుటి బండికి దెబ్బ గట్టిగా తగులుతుంది. పెడల్ తొక్కగానే దూకుతుంది, ఇంజిన్ రొద ఉండదు గనక వేగం పెరిగిన సంగతే తెలియదు. మత్తులో ఉన్నవాడికి ఇది మరీ చెడ్డ జోడీ.

అపోహ: బ్రేకులు పడలేదు, కారే దూసుకెళ్లింది.

నేను ఎక్కువగా వినేది ఇదే. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు అంతకుముందు సుమారు 5 సెకన్ల లెక్క కారులోనే ఉండే డేటా రికార్డర్‌లో మిగిలిపోతుంది: వేగం, యాక్సిలరేటర్ ఎంత శాతం నొక్కారు, బ్రేక్ పడిందా లేదా. యాక్సిలరేటర్ వరసలో 100, 100, 100 అని, బ్రేక్ వరసలో చివరిదాకా 'ఆఫ్' అని ఉంటే ఇక బ్రేకుల్ని అనుమానించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇక్కడ కొత్తవాళ్లు పొరబడే చోటొకటుంది. ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, మోటారే వేగాన్ని తగ్గిస్తుంది. అందుకని రికార్డర్‌లో వేగం అంకె తగ్గినంత మాత్రాన డ్రైవర్ బ్రేక్ వేశాడని రాసేయకూడదు. ఉత్తగా కాలు తీసి ఉండొచ్చు, అంతే.

అపోహ: కాఫీ తాగి, ముఖం కడుక్కుంటే మత్తు దిగిపోతుంది.

నిద్రమత్తు కాస్త వదులుతుందేమో గానీ ఆల్కహాల్ వదలదు. దాన్ని ఎక్కువగా కరిగించేది కాలేయం. 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు తగ్గేది సుమారు 15 మిల్లీగ్రాములే. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 33 మీటర్లు పోతుంది. మత్తు వల్ల స్పందన అర సెకను ఆలస్యమైతే బ్రేక్ మీద కాలు పడేలోపే మరో 17 మీటర్ల దాకా దాటిపోతాయి.

అపోహ: ఊదితే సున్నా వచ్చింది, మత్తు లేనట్టే.

ఊదే యంత్రం పట్టేది ఆల్కహాల్‌నే. గంజాయి, నిద్రమాత్రలు, మగత తెచ్చే కొన్ని జలుబు మాత్రలు అందులో కనిపించవు. వాటికి రక్తం గానీ లాలాజలం గానీ తీసి పరీక్షించాలి.

అపోహ: మత్తులో ఉన్నా డ్రైవర్ అసిస్ట్ చూసుకుంటుంది.

చూసుకోదు. ఇప్పుడు ఎక్కువ కార్లలో ఉన్న అసిస్ట్, అంటే స్టీరింగ్‌కీ వేగానికీ సాయపడే ఏర్పాటు, మెలకువగా ఉన్న డ్రైవర్‌ని నమ్ముకుని పనిచేసేదే.

అపోహ: ప్రమాదంలో నుజ్జయిన ఎలక్ట్రిక్ కారును ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

ఈ భయంతో లోపలివాళ్లను బయటికి లాగకుండా నిలబడిపోయేవాళ్లున్నారు. హైవోల్టేజీ సర్క్యూట్‌ని కారు బాడీకి తగలకుండా విడిగా ఉంచుతారు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేంత దెబ్బ తగిలితే మామూలుగా ఆ సర్క్యూట్ దానంతటదే తెగిపోతుంది. నారింజరంగు కేబుళ్లనూ చితికిన బ్యాటరీనీ మాత్రం తాకొద్దు. అడుగునుంచి పొగ గానీ బుసబుస చప్పుడు గానీ వస్తుంటే ఆలస్యం చేయకుండా అందరూ దూరం జరగాలి.

ఆరిన బ్యాటరీ మంట గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు. అందుకే అలాంటి బండిని మిగతావాటికి కనీసం 15 మీటర్ల దూరంలో పెట్టిస్తాను. రికార్డర్ జోలికి వెళ్లేముందు థర్మల్ కెమెరాతో బ్యాటరీ వేడి చూస్తాను.